తోటలో అడుగుల చప్పుడు: ‘జీసస్ వాక్స్’ ర్యాప్ పాటలోని భావము, స్వర నిర్మాణము, దృశ్యీకరణ – ఒక దైవశాస్త్ర విమర్శ

ప్రవేశిక

ర్యాప్ పాటను దైవశాస్త్ర పత్రికలో విమర్శకు తీసుకోవడం కొందరు చదువరులకు విడ్డూరంగా తోచవచ్చు. మన సంఘాల్లో ర్యాప్ అనగానే గుర్తుకు వచ్చేవి బూతు మాటలు, తుపాకులు, మెడలో బంగారు గొలుసులు. ఆ అభిప్రాయం పూర్తిగా నిరాధారమైనది కాదు. అయితే 2004లో అమెరికాలో వెలువడిన ‘జీసస్ వాక్స్’ అనే పాటను ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టడం సాధ్యం కాదు. అది సువార్త సంగీత సంస్థలు విడుదల చేసిన పాట కాదు. రాక్-ఎ-ఫెల్లా అనే లౌకిక ర్యాప్ సంస్థ విడుదల చేసింది. 2005లో గ్రామీ బహుమానాలలో ఉత్తమ ర్యాప్ గీతంగా ఎన్నికైంది. బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 11వ స్థానం వరకు చేరింది. క్లబ్బుల్లో నాట్యం చేసే యువతీ యువకుల మధ్య యేసు నామము ఇంత బిగ్గరగా వినిపించిన సందర్భాలు అరుదు.

ఈ పాటపై అప్పట్లో జరిగిన చర్చలలో ఎక్కువ భాగం మాటల చుట్టూ తిరిగింది: గాయకుడు నిజంగా విశ్వాసియా కాదా, బూతు మాటలున్న పాటలో ప్రభువు నామము ఉండవచ్చునా అని. ఆ ప్రశ్నలు అనవసరమని ఈ రచయిత అనడు. కానీ పాటను పాటగా వినకుండా, ప్రసంగపు వ్రాతప్రతిలా చదివితే దానిలోని దైవశాస్త్రం మన చేతికి చిక్కదు. ఈ పాట చెప్పేది దాని శబ్దంలో ఉంది, మరీ ముఖ్యంగా అడుగుల శబ్దంలో ఉంది. ఆ పాటకు తీసిన మూడు వీడియోలు ఆ శబ్దాన్ని కొంత అర్థం చేసుకున్నాయి, కొంత పోగొట్టుకున్నాయి. పాటకు వినిపించని స్వరం కూడా ఒకటి ఉంది. దాని గురించి చివర మాట్లాడుకుందాం.

పాట పుట్టుక

కాన్యే వెస్ట్ చికాగో నగరంలో పెరిగినవాడు. గాయకుడిగా కంటే ముందు సంగీత నిర్మాతగా పేరు పొందాడు. 2001లో జే-జీ వెలువరించిన ‘ది బ్లూప్రింట్’ ఆల్బమ్‌లో కొన్ని పాటలకు సంగీతం కూర్చాడు. 2002 అక్టోబరులో కారు ప్రమాదంలో అతని దవడ ఎముక విరిగింది. వైద్యులు దవడను తీగలతో కట్టివేయగా, ఆ తీగలు ఉండగానే ‘త్రూ ద వైర్’ అనే పాట పాడి రికార్డు చేశాడు. పళ్లు విడదీయకుండా పాడిన ఆ గొంతు స్పష్టంగా లేకపోవడమే ఆ పాటకు బలమయింది. ‘జీసస్ వాక్స్’ను అర్థం చేసుకోవడానికి ఇది పనికివచ్చే ఉదాహరణ. వెస్ట్ గొంతు గొప్ప గొంతు కాదు. శ్రుతిలో నిలిచే గాయకుడి గొంతూ కాదు, అనుభవం పండిన ర్యాపర్ గొంతూ కాదు. కొంచెం మొండిగా, ముక్కుతో, పక్కింటి కుర్రవాడు వాదనకు దిగినట్టు ఉంటుంది. ఆ గొంతు చుట్టూ ఏమి కట్టాలో మాత్రం నిర్మాతగా అతనికి బాగా తెలుసు.

2004 ఫిబ్రవరి 10న వెలువడిన ‘ది కాలేజ్ డ్రాపౌట్’ అనే అతని తొలి ఆల్బమ్‌లో ఈ పాట ఉంది. రచనలో చికాగోకే చెందిన రైమ్‌ఫెస్ట్ భాగస్వామి. వయొలిన్ వాయించినది మిరి బెన్-ఆరి.

స్వర నిర్మాణము

పాట పునాదిలో ఉన్నది వెస్ట్ గొంతు కాదు, ఒక గాయక బృందపు గొంతు. న్యూయార్కు హార్లెంలో మాదకద్రవ్యాల బానిసత్వం నుండి విడుదల కోరేవారి కోసం 1957లో స్థాపించబడిన అడిక్ట్స్ రిహాబిలిటేషన్ సెంటర్ అనే కేంద్రం ఉంది. అక్కడివారితో ఏర్పడినదే ఏ.ఆర్.సి. క్వయర్. వారు పాడిన ‘వాక్ విత్ మీ’ రికార్డింగు నుండి ముక్కలను తీసి, వెస్ట్ తన పాటకు ఆధారంగా పరిచాడు. పాత రికార్డింగు ముక్కను కత్తిరించి కొత్త పాటలో తిరిగి వాడే ఈ పద్ధతిని శాంపిలింగ్ అంటారు. ఆ క్వయర్ పాడినది కూడా వారి సొంత పాట కాదు. బానిసత్వ కాలపు నల్లజాతి ప్రజల నోట పుట్టి పెరిగిన ఆధ్యాత్మిక గీతం అది. అంటే ఈ శబ్దంలో మూడు తరాల బంధకాలు ఒకదానిపై ఒకటి పేర్చబడి ఉన్నాయి: తోటల్లో పనిచేసిన బానిసలు, మత్తు నుండి తప్పించుకోవాలని పెనుగులాడినవారు, వారి మీద గొంతెత్తిన చికాగో యువకుడు.

ఇక్కడ వ్యాకరణ విషయం ఒకటి గమనించాలి. క్వయర్ పాడేది ప్రార్థన: యేసువా, నాతో నడువుము అనే విన్నపం. వెస్ట్ పాట పేరు మాత్రం ప్రకటన: యేసు నడుచును. ఇంగ్లీషులో ఈ రెంటికీ మధ్య తేడా క్రియ చివర ఒక్క హల్లు. అది చెవికి దాదాపు దొరకదు. పాట నడుస్తున్నంతసేపూ కింద క్వయర్ అడుగుతూ ఉంటుంది, పైన గాయకుడు చాటుతూ ఉంటాడు. ఏది విన్నపమో ఏది సాక్ష్యమో వినేవానికి కలగలిసిపోతుంది. తెలుగులో మనం ఈ రెంటినీ కలపలేము. ‘నడువుము’, ‘నడుచును’ వేర్వేరుగా వినిపిస్తాయి. వాడుక మాటలో ‘నడుస్తాడు’ అంటే అలవాటూ అవుతుంది, రేపటి సంగతీ అవుతుంది. ఈ పాట పేరుకు అదే దగ్గరి అనువాదమని నా అభిప్రాయం. విశ్వాసం, నిరీక్షణ రెండూ ఆ ఒక్క క్రియలో ఇమిడిపోతాయి.

క్వయర్ గొంతుల్లోని బరువైన మంద్రస్వరం పాట పొడుగునా కవాతులా తిరిగి తిరిగి వస్తుంది. దాని మీద సైనిక మృదంగం లాంటి స్నేర్ డ్రమ్ము దరువు. ఆరంభంలోనే సైనికులకు ఆజ్ఞ ఇచ్చే అధికారి కేక. ఇది అమెరికా సైన్యపు కవాతు శబ్దమని ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఆ కవాతు పాట చరిత్రే చిత్రమైనది. నాయకుడు ఒక పాదం పలకగా దళం తిరిగి పలికే ఆ పద్ధతి అమెరికా సైన్యంలో వ్యాపించడానికి మూలంగా చెప్పబడేవాడు విల్లీ డక్‌వర్త్ అనే నల్లజాతి సిపాయి. 1944లో న్యూయార్కు దగ్గర ఫోర్ట్ స్లోకమ్‌లో అలసిపోయిన దళాన్ని నడిపించడానికి అతడు పాడిన పిలుపు అది. పిలుపు, బదులు అనే ఆ వరుస నల్లజాతి సంఘాల ఆరాధనలోనూ, పొలాల్లోనూ, జైళ్లలోనూ అంతకు ముందే ఉంది. అలాన్ లోమాక్స్ 1940ల చివర మిస్సిసిప్పీలోని పార్చ్‌మన్ జైలులో రికార్డు చేసిన ఖైదీల పాటలను విన్నవారికి గొడ్డలి దెబ్బే తాళమని తెలుసు. కనుక వెస్ట్ సైనిక కవాతును అరువు తెచ్చుకున్నాడనడం సగమే నిజం. తమ ఇంటినుండి వెళ్లిన దానిని తిరిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

అలా తెచ్చుకున్నా ప్రమాదం పోదు. 2005లో విడుదలైన ‘జార్‌హెడ్’ అనే గల్ఫ్ యుద్ధ చలనచిత్రపు ప్రకటన చిత్రంలో ఈ పాటను వాడారు. ఇరాకులో అమెరికా సైన్యం ఉన్న కాలం అది. దరువును దాని ప్రార్థన నుండి వేరుచేస్తే మిగిలేది కవాతే. ఈ పాటను యువజన కూటాల్లో వినిపించాలనుకునే కాపరులు ఈ సంగతిని తేలికగా తీసుకోకూడదు.

కర్టిస్ మేఫీల్డ్ 1970లో పాడిన, నరకం గురించి హెచ్చరించే పాటలోని ముక్క కూడా ఇందులో ఉంది. మేఫీల్డ్ కూడా చికాగో వాడే. తన నగరపు పాత ప్రవక్తను పాటలోకి పిలిచి కూర్చోబెట్టినట్టు ఉంటుంది ఆ ఎంపిక.

భావము

పైకి వినిపించేది వీరరసం. దరువు, కేక, క్వయర్ గర్జన అన్నీ అటే లాగుతాయి. కానీ మాటలను శ్రద్ధగా విన్నప్పుడు స్థాయీభావం ఉత్సాహం కాదు, భయమని తేలుతుంది. మొదటి చరణం యుద్ధంతో మొదలవుతుంది. ఉగ్రవాదంతో, జాతివివక్షతో యుద్ధం, అన్నిటికంటే ఎక్కువగా తమతో తామే చేసుకునే యుద్ధం. 23వ కీర్తనలోని గాఢాంధకారపు లోయ చికాగో నగరపు లోయగా మారుతుంది. పోలీసులు గొంతు నులమడం, ప్రశ్నలతో వేధించడం వస్తాయి. ఆ తరువాత పల్లవిలో గాయకుడు అడిగేది విజయం కాదు. సాతాను తనను కూలదోయ చూస్తున్నాడు గనుక తన పాదాలు తడబడకుండా ఉండాలని మాత్రమే వేడుకుంటాడు. ఇక్కడ దరువు అర్థం మారిపోతుంది. అది సైన్యం ముందుకు సాగే చప్పుడు కాదు, పడిపోకుండా నిలదొక్కుకునే మనిషి అడుగుల చప్పుడు.

అదే పల్లవిలో ఇంకొక ఒప్పుకోలు ఉంది. దేవునితో మాట్లాడాలని ఉంది గానీ, మాట్లాడి చాలా కాలమైంది గనుక భయంగా ఉందని అంటాడు. ఇంత సాదాగా, ఇంత ఇంటి మాటగా పాపపు ఒప్పుకోలు ఆధునిక సువార్త గీతాల్లో కనబడడం తక్కువ. మనం దూరమైన బంధువుకు ఫోను చేయడానికి వెనుకాడే తీరులో ఉంది ఆ వాక్యం.

ఈ భయమే మనలను ఆదికాండము 3:8కి తీసుకువెళ్తుంది. చల్లపూట తోటలో సంచరిస్తున్న దేవుని ‘స్వరము’ను ఆదాము హవ్వ విన్నారని మన తెలుగు బైబిలు చెబుతుంది. హెబ్రీలో ఆ మాట ‘ఖోల్’. మాటకూ, చప్పుడుకూ, గొంతుకూ అదే పదం. ఆ సందర్భంలో దేవుడు ఇంకా ఏమీ పలకలేదు. కాబట్టి వారు విన్నది ఆయన నడక చప్పుడని చాలామంది వ్యాఖ్యాతలు భావిస్తారు. మన అనువాదకులు ‘స్వరము’ అని పెట్టడం వలన తెలుగు చదువరికి మాటే ముందు తోస్తుంది, అడుగులు తోచవు. ఆ వచనంలోని ‘సంచరించు’ అనే క్రియకు హెబ్రీలో ‘హలక్’ అనే ధాతువు యొక్క హిత్‌పయేల్ రూపం ఉంది. హనోకు దేవునితో నడిచాడని చెప్పే ఆదికాండము 5:24లోనూ, నేను మీ మధ్య నడుస్తానని దేవుడు వాగ్దానం చేసే లేవీయకాండము 26:12లోనూ అదే రూపం. తోటలో తిరిగిన ఆయన, హనోకుతో నడిచిన ఆయన, గుడారాల మధ్య నడుస్తానన్న ఆయన ఒక్కడే, నడక కూడా ఒక్కటే. తేడా వినేవానిలో ఉంది. ఆ చప్పుడు విని ఆదాము చెట్ల చాటుకు పోయాడు, భయపడ్డానని ఒప్పుకున్నాడు.

వెస్ట్ పాటలో కూడా చప్పుడు ముందు, మాట తరువాత. చప్పుడు విన్న పాపి భయపడతాడు. కానీ దాగుకోడు, నిలబడి వాదిస్తాడు. క్వయర్‌ను పాట కిందనే పరచడం అనే ఆ నిర్మాణ నిర్ణయం వలన ఇది సాధ్యమైంది. భయపడే గొంతు ఒంటరిగా లేదు. దానికంటే ముందే మత్తు నుండి లేచి నిలబడ్డవారి గొంతులు అక్కడ నడుస్తూ ఉన్నాయి. ఈ విషయాన్ని మాటలతో చెప్పి ఉంటే ప్రసంగమయ్యేది.

రెండవ చరణం సంగీత వ్యాపారం గురించి. దేనిమీదనైనా ర్యాప్ చేయవచ్చు గానీ యేసు మీద చేస్తే రేడియోలో వేయరని ఫిర్యాదు. రేడియో వాయిదాలు తగ్గితే ఆదాయం తగ్గుతుంది, తగ్గితే తగ్గనీ, అలాగే తన పాపాలు కూడా తగ్గాలని ఒక చమత్కారమైన ప్రాస. పాట రేడియోలో బాగానే వచ్చింది గనుక ఆ ఫిర్యాదు నెరవేరలేదు. నిజం చెప్పాలంటే పాటలో బలహీనమైన భాగం ఇదే. పాపి ఒప్పుకోలు నుండి కళాకారుడి ఫిర్యాదుకు దిగినప్పుడు భయం పోయి, పేరుకోసం పడే తాపత్రయం వినిపిస్తుంది. అయినా ఆ చరణంలోనే మోసగాళ్లు, హంతకులు, మాదకద్రవ్యాలు అమ్మేవారు, నగ్న నాట్యకత్తెలు అంటూ వరుసగా పిలిచి, యేసు వారికోసం నడుస్తాడని చెప్పే భాగం ఉంది. లూకా 15వ అధ్యాయంలో పరిసయ్యులు సణిగిన జాబితాకు ఇది ఈనాటి రూపం.

దృశ్యీకరణ

ఒకే పాటకు మూడు వీడియోలు తీయడం అసాధారణం. గాయకుడు తృప్తి పడలేదనడం కంటే, ఈ పాటలోని నడకను ఎలా చూపాలో తేలలేదనడం సమంజసం.

మొదటిది మైఖేల్ హౌస్‌మన్ దర్శకత్వంలో తీసినది. వెస్ట్ బోధకుడి వేషంలో సంఘం ముందు నిలబడి ర్యాప్ చేస్తుంటాడు. దారి తప్పినవారిని దేవదూతలు ఆలయానికి నడిపిస్తుంటారు. చూడముచ్చటగా ఉంటుంది, కానీ దిక్కు తారుమారైంది. పాటలో నడిచేవాడు యేసు. వీడియోలో పాపులు నడుస్తారు, గమ్యం చర్చి తలుపు. భయపడుతూ మాట్లాడిన గొంతు ప్రసంగ వేదిక ఎక్కి కూర్చుంది. మన సువార్త కూటాల ప్రకటన చిత్రాలకు అలవాటు పడినవారికి ఇదే నచ్చవచ్చు.

రెండవది క్రిస్ మిల్క్ తీసినది. 2005లో ఎం.టి.వి. వీడియో బహుమానాలలో ఉత్తమ పురుష గాయకుని వీడియోగా ఎన్నికైంది. ఇందులో యేసు ఎక్కడా కనబడడు. నడవాలో నిలబడి పాడే వెస్ట్ చుట్టూ మూడు కథలు అల్లుకుని ఉన్నాయి: ఎండలో సంకెళ్లతో రాళ్లు కొట్టే ఖైదీలు, మాదకద్రవ్యాల రవాణా, కూ క్లక్స్ క్లాన్ సభ్యుడు ఒకడు. సంకెళ్ల ఖైదీలను చూసినప్పుడు దరువు పాత అర్థం మళ్లీ బయటికి వస్తుంది. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ నేరానికి శిక్షగా చేయించే చాకిరిని మినహాయించింది. ఆ సందులో నుండే దక్షిణాది రాష్ట్రాలలో ఖైదీలను కౌలుకు ఇచ్చే పద్ధతి, తరువాత గొలుసు దళాలు వచ్చాయి. వీడియో ఈ చరిత్రను ఒక్క మాట లేకుండా పాదాల దగ్గర చూపుతుంది.

క్లాన్ సభ్యుని కథ మీద ఇంకొంచెం ఆగాలి. అతడు దుంగను చెక్కి శిలువ చేస్తాడు. దాన్ని మోసుకుంటూ కొండ ఎక్కుతాడు, నిలబెట్టి నిప్పు పెడతాడు, ఆ నిప్పు అతని తెల్లని అంగీకే అంటుకుంటుంది. గొల్గొతా దారిని ఒక ద్వేషి నడవడం, శిలువ మోసేవాడు యేసు కాకుండా శత్రువు కావడం బలమైన విపర్యాసం. దీనికి వెనుక తెలియవలసిన సంగతి ఇది. క్లాన్ శిలువను తగులబెట్టే ఆచారం మొదటి క్లాన్‌ది కాదు. థామస్ డిక్సన్ 1905 నవలలోనూ, దాని ఆధారంగా గ్రిఫిత్ తీసిన ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ (1915) అనే మూకీ చిత్రంలోనూ కల్పనగా వచ్చింది. అదే 1915లో జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద క్లాన్‌ను తిరిగి స్థాపించినవారు దాన్ని నిజంగా చేశారు. అంటే తగులబడే శిలువ కెమెరా కన్న బిడ్డ. మిల్క్ దాన్ని కెమెరా చేతనే తిరిగి తగులబెట్టించాడు. తొంభై సంవత్సరాల తరువాత చలనచిత్రం తన పాపాన్ని ఈ విధంగా ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

జేమ్స్ కోన్ 2011లో వెలువరించిన ‘ద క్రాస్ అండ్ ద లించింగ్ ట్రీ’లో శిలువను, నల్లజాతివారిని ఉరితీసిన చెట్టును ఒకదాని వెలుగులో మరొకటి చూడాలని వాదించాడు. ఆ గ్రంథం చదివిన తరువాత ఈ వీడియోను చూస్తే ఒక ఖాళీ కనబడుతుంది. కొండమీద ద్వేషి ఉన్నాడు, శిలువ ఉంది, నిప్పు ఉంది. ఉరితీయబడినవాడు లేడు. కథ ద్వేషికి, దేవునికి మధ్యనే ముగిసిపోయింది.

మూడవది వెస్ట్, కూడీ, చైక్ కలిసి తక్కువ ఖర్చుతో చికాగోలోనే తీసినది. తెల్లని అంగీ వేసుకున్న యేసు వెస్ట్ వెంట అతని పేటలో తిరుగుతాడు. హాస్యం ఉంది, చేతి కెమెరా వణుకు ఉంది. చాలామంది విమర్శకులు రెండవదానినే గొప్పదంటారు, చిత్రకళ దృష్టితో అది నిజమే. కానీ పాట పేరును అక్షరాలా నమ్మినది ఈ మూడవదే. ఎమ్మాయు దారిలో పక్కన నడిచినవాడు కూడా తేజస్సుతో రాలేదు, బాటసారిగా వచ్చాడు. దీని లోపం వేరు. యేసు కనబడిపోయాడు గనుక చప్పుడులోని భయం పోయింది. పక్కన కనబడుతున్న స్నేహితునితో మాట్లాడి చాలా కాలమైందని భయపడేది ఎవరు?

వినబడని స్వరము

ఆదికాండము 3లో ‘ఖోల్’ దేవుని నడక. తరువాతి అధ్యాయంలోనే అదే పదం మళ్లీ వస్తుంది. ఈసారి అది నేలలో నుండి మొరపెట్టే హేబెలు రక్తపు స్వరము (4:10). మన తెలుగు బైబిలు రెండు చోట్లా ‘స్వరము’ అనే పెట్టడం మేలైంది, సంబంధం తెగలేదు. ‘జీసస్ వాక్స్’ మొదటి స్వరాన్ని ఎంతో బాగా వింది. రెండవ దానిని సగమే వింది. పోలీసుల చేతిలో గొంతు నులమబడినవారు మొదటి చరణంలో ఉన్నారు. దారిద్ర్యపు వ్యవస్థకు బలైనవారు రెండవ చరణంలో ఉన్నారు. హంతకుని కోసం యేసు నడుస్తాడని పాట ధైర్యంగా చెప్పింది. ఆ హంతకుడు చంపినవాని పక్కన ఎవరు నడుస్తారో అడగలేదు. కయీను మీద గురుతు వేసి కాపాడిన దేవుడే హేబెలు రక్తాన్ని కూడా విన్నాడు. పాటలో కయీను ఉన్నాడు.

ఈ లోపం 2004లో చిన్నదిగా కనబడింది. 2022 తరువాత అలా కనబడదు. ఆ సంవత్సరం అక్టోబరులో వెస్ట్ యూదులకు వ్యతిరేకంగా చేసిన వ్యాఖ్యల వలన అడిడాస్ సంస్థ అతనితో ఒప్పందం రద్దు చేసుకుంది. డిసెంబరులో అతడు హిట్లర్‌ను బహిరంగంగా మెచ్చుకున్నాడు. 2023 చివర హెబ్రీ భాషలో క్షమాపణ ప్రకటించడం, 2025లో దాన్ని తోసిపుచ్చడం కూడా జరిగాయి. ఇటువంటివాని పాటను వినవచ్చునా అని విద్యార్థులు అడిగినప్పుడు, దొనాతీయులతో అగస్తీను జరిపిన వివాదాన్ని జవాబుగా చూపేవారు ఉన్నారు: సంస్కారపు విలువ దానినిచ్చే పాదిరి పవిత్రత మీద ఆధారపడదు గదా అని. ఆ పోలిక నిలవదు. బాప్తిస్మము క్రీస్తుది గనుక అగస్తీను అలా అన్నాడు, పాట గాయకునిది. అంతకంటే ముఖ్యంగా, అగస్తీను వాదన సంస్కారం పొందినవానికి ధైర్యమివ్వడానికి పుట్టింది, ఇచ్చినవానిని కాపాడడానికి కాదు. గాయపడిన యూదుని దగ్గరకు వెళ్లి, పాట మంచిదే వినమని చెప్పే అధికారం మనకు ఎవరిచ్చారు?

మరొక విషయం కూడా ఉంది. ఈ పాటలో వయొలిన్ వాయించి, ఉత్తమ ర్యాప్ గీతపు గ్రామీలో రచయితగా పాలుపొందిన మిరి బెన్-ఆరి ఇశ్రాయేలులో జన్మించిన కళాకారిణి. గలిలయ దారుల్లో నడిచిన యేసు యూదుడు. తరువాత గాయకుడు ఏ జనాన్ని దూషించాడో ఆ జనపు విల్లు ఈ పాటలో మోగుతూనే ఉంది. కనుక పాటను పారవేయడం కూడా సరైన జవాబు కాదని నేననుకుంటాను. అందులో పాలుపొందిన మిగతా గొంతులను, హార్లెం క్వయర్‌ను, ఆ వయొలిన్‌ను అతనితోపాటు కొట్టివేయవలసి వస్తుంది.

2019 అక్టోబరులో వచ్చిన ‘జీసస్ ఈజ్ కింగ్’ ఆల్బమ్‌తో పోల్చి చూడడం ఉపయోగకరం. అక్కడ క్వయర్ శిక్షణ పొందినది, శబ్దం నిర్మలమైనది, బూతు మాట లేదు. సంఘాలు దాన్ని సులభంగా ఆదరించాయి. కానీ పాడేవాడు మారుమనస్సు పొందినవాడుగా, నిశ్చయంగా మాట్లాడతాడు. పాదాలు తడబడతాయేమోనన్న భయం అందులో బహు తక్కువ. పదిహేనేళ్ల క్రితపు పాటలోని పాపే మంచి దైవశాస్త్రజ్ఞుడని చెప్పక తప్పదు.

మన సంగతికి వస్తే, సత్యనాథన్ క్లార్క్ 1998 నాటి తన గ్రంథంలో తమిళనాట పరై వాద్యాన్ని క్రీస్తును గూర్చిన ఆలోచనకు ఆధారంగా తీసుకున్నాడు. తెలుగు నేలమీద డప్పు ఉంది. డప్పు దెబ్బకు అడుగువేసే జనం నుండే మన సంఘాలలో చాలా భాగం వచ్చింది. అయినా ఆలయం లోపలికి హార్మోనియం, తబలా, తరువాత కీబోర్డు వచ్చినంత సులువుగా డప్పు రాలేదు. శబ్దానికి అంటు అంటగట్టినవారిలో మనం కూడా ఉన్నాము. హార్లెం క్వయర్ ముక్కను కింద పరచినట్టు, ఏ గొంతుల మీద నిలబడి మనం పాడుతున్నామో మన కీర్తనల స్వరకర్తలు, రికార్డింగు స్టూడియోలలో పనిచేసే మన యువకులు ఆలోచించదగిన ప్రశ్న ఇది.

ఈ పాటను తరగతిలో బోధించదలచిన అధ్యాపకులు మొదట తెర ఆపివేసి వినిపించడం మంచిది. మాటల ప్రతి కూడా ఇవ్వకూడదు. తరువాత ఆదికాండము 3:8, 4:10 చదివించి, మిల్క్ వీడియోను శబ్దం లేకుండా ఒకసారి, శబ్దంతో ఒకసారి చూపవచ్చు. కొండమీద ఎవరు లేరో విద్యార్థులనే చెప్పనివ్వాలి.